నిదానము

నిదానమను మాటను మనము మన యిండ్లలో నెమ్మదికి వాడుదుము. "నిదానముగా నడువుము", "నిదానముమీద తెలియును" అని పెద్దలు చెప్పుచుందురు. ఆయుర్వేదజ్ఞులు సంస్కృతమున ఆ మాటనే రోగకారణమునకును, దానిని కనిపెట్టు విద్యకును వాడిరి. చరకసంహితలో నిదానస్థానమని యొక భాగము కలదు. మాధవకరుని గ్రంథము రోగనిర్ణయమునకే ప్రసిద్ధికెక్కి మాధవనిదానమని పేరొందినది. ఈ రెండర్థములకును నడుమ చుట్టరికము లేకపోలేదని నాకు తోచుచున్నది. కారణము తెలియనిదే చేయి వేయనివాడు చూపరులకు నెమ్మదివానివలెనే కనబడును గదా.

నేను పాఠశాలలో సంస్కృతమును, ఇంగ్లీషును చెప్పి బ్రదుకువాడను. పై రెండర్థములును ఒక్కచోట కలిసియుండుట నేను కన్నులార చూచినది వైద్యశాలలో గాదు, పండితసభలో గాదు. అమెరికా దేశమున మిన్నెసోటా రాష్ట్రములో, ఒక పాత ట్రక్కు గేరుబాక్సు నొద్ద. యంత్రముల సంగతి సాహిత్యపత్రికకు తగునా యని సంశయించువారు కొంచెము ఓపికపట్టి చదువ ప్రార్థన. ఇది యంత్రముల సంగతి ఎంతయో, మన యిండ్లలో తీర్పులు చేయు పద్ధతి సంగతియు నంతయే.

2022వ సంవత్సరము డిసెంబరులో సెలవు పెట్టి మా అమ్మను చెల్లెలి యింటికి తీసికొని పోయితిని. చెల్లెలు అక్కడ నొక చిన్న యూరిలో పదునాలుగేండ్ల కూతురితో నుండును. భర్తతో విడిపోయి అప్పటికి నాలుగేండ్లయినది. ఆమె నర్సు. పని చేయు వృద్ధాశ్రమము ఇంటికి 42 మైళ్ల దూరము. ఆ యూరికి రైలు లేదు, బస్సు లేదు. చలికాలమున వేడి సున్నకు దిగువ 20 డిగ్రీలకు పడిపోవును. అక్కడ బండి విలాసవస్తువు కాదు. అది లేనినాడు ఉద్యోగము లేదు, ఉద్యోగము లేనినాడు ఇంటి అద్దె లేదు. ఆమెకున్నది 1999వ సంవత్సరపు చిన్న ట్రక్కు. జపాను దేశపు సంస్థ యొకటి చేసినది. గేర్లు తమంతట తామే మారు ఆటోమాటిక్ బండి.

ఆ నవంబరునుండి ఆ బండికి ఓవర్‌డ్రైవు పడుట మానినది. ఓవర్‌డ్రైవనగా నేమో మొదట చెప్పవలెను. బరువు లాగుటకును, వేగముగా పోవుటకును ఒకే గేరు చాలదని గేర్ల సైకిలు త్రొక్కు పిల్లవానికిని తెలియును. 1939లో జనరల్ మోటార్సువారు మఱుసటి యేటి ఓల్డ్‌స్మొబీలు కార్లకై హైడ్రామాటిక్ అను ఆటోమాటిక్ గేరుబాక్సును ప్రకటించిరి. దాని పై గేరులో గేరుబాక్సునుండి వెడలు ఇరుసు ఇంజనుతో సమానముగానే తిరుగును. 1973లో చమురు కఱవు వచ్చి పెట్రోలు ధర మండిపోయిన పిదప, చదునైన దారిలో ఇంజను నెమ్మదిగా తిరుగుచునే బండి వేగముగా పోవు ఉపాయము అందఱికిని కావలసివచ్చెను. ఫోర్డువారు 1980 నమూనాలలోను, జనరల్ మోటార్సువారు 1981 నమూనాలలోను అట్టి నాలుగవ గేరు గల ఆటోమాటిక్ గేరుబాక్సులను పెట్టిరి. ఇంజనుకంటె ఇరుసు ఎక్కువగా తిరుగు ఆ గేరే ఓవర్‌డ్రైవు.

మా చెల్లెలి బండిలోని యేర్పాటు చాల సొగసైనది. నడుమ నొక పండ్లచక్రముండును. దానికి సూర్యచక్రమని పేరు. దాని నంటి దొర్లు చిన్న చక్రములు గ్రహచక్రములు. వీనినన్నిటిని చుట్టి, లోపలివైపున పండ్లు గల వలయమొకటి. ఇంజను త్రిప్పునది గ్రహములను మోయు చట్రమును. వెనుకకు పోవు త్రిప్పుడు వలయమునుండి. సూర్యుని ఆ చట్రముతో బిగించినచో అన్నియు నొక్క ముద్దగా తిరుగును. మూడవ గేరువఱకు జరుగునది ఇదియే. ఆ కట్టు విప్పి, సూర్యుని కదలనీయక బ్రేకుతో పట్టుకొన్నచో, గ్రహములు అతనిచుట్టు దొర్లుచు వలయమును తమ చట్రముకంటె వేగముగా త్రిప్పును. ఇరుసు ఒక చుట్టు తిరుగుటకు ఇంజను ఇంచుమించు ముప్పాతిక చుట్టు తిరిగిన చాలును. ఈ కట్టుటయు విప్పుటయు నూనె ఒత్తిడిచే జరుగును. ఆ నూనెకు దారి చూపునవి సొలెనాయిడులు. వానికి విద్యుత్తు నిచ్చి మాన్పునది కంప్యూటరు.

ఆ నాలుగవ గేరు లేకపోగా, హైవేమీద బండి మూడవ గేరులోనే గొంతు చించుకొనుచు పోవుచుండెను. ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగుచుండెను. పెట్రోలు ఖర్చు పెరిగెను. చెల్లెలు దానిని ఒక షెడ్డునకు తీసికొని పోయినది. అక్కడి మెకానిక్కు బండిని కొంతదూరము నడిపి, వయసైన బండి గనుక లోపలి క్లచ్చీలు అరగియుండుననియు, గేరుబాక్సును దించి మరల కట్టింపవలెననియు, 3,400 డాలర్లగుననియు చెప్పెను. కూతురి చదువునకని ఆమె నాలుగేండ్లుగా కూడబెట్టిన సొమ్ము ఇంచుమించు అంతయే.

ఆ వార్త వినిన బంధువులు ఫోనులో తలకొక సలహా చెప్పిరి. ఒకరు బండి అమ్మివేయుమనిరి. ఒకరు అప్పు తీసికొమ్మనిరి. ఒక పెద్దమనిషి, ఆడుది ఒంటరిగా నుండిన ఇట్టివే వచ్చుననియు, దేశమునకు తిరిగి రమ్మనియు నుపదేశించెను. గేరుబాక్సు చెడిపోవుటకును, భర్తతో విడిపోవుటకును సంబంధమేమో నాకు బోధపడలేదు. కాని చెల్లెలు కోపపడలేదు. ఆమె నాతో అన్నమాట ఇంకను నా చెవిలో నున్నది.

"అన్నయ్యా, అతను ఎంతవుతుందో చెప్పాడు. ఎట్లా తెలిసిందో మాత్రం చెప్పలేదు."

ఆమె ఆ బండికి సంబంధించిన సర్వీసు మాన్యుయలును సంపాదించినది. రాత్రులు ఆమె డ్యూటీకి పోయినపుడు దానిని నేను చదివి, ముఖ్యమైనవి వ్రాసి పెట్టుచుంటిని. పగలు ఆమె ఆ ప్రకారము చూచుచుండెను. పానాలు పట్టినది ఆమె. టార్చిలైటు పట్టినవాడను నేను. అంకెలు నోటుబుక్కులో వ్రాసినది మేనకోడలు. మా అమ్మకు ఇది నచ్చలేదు.

"ఆడపిల్లవు, ఈ చలిలో ఆ బండికింద దూరడమేమిటే? ఎవరినైనా మగవాణ్ణి పిలవరాదూ?"

"ఎవరిని పిలిచినా నేను అడగవలసిన ప్రశ్న ఇదేనమ్మా. ముందు నాకు తెలియాలి గదా!" అని చెల్లెలు చెప్పినది.

మొదట నూనె చూచితిమి. ఇంజను వేడెక్కి తిరుగుచుండగా డిప్‌స్టిక్కు తీసిచూడగా మట్టము సరిగానున్నది; రంగు ఎఱ్ఱగా నున్నది; మాడు వాసన లేదు. క్లచ్చీలు కాలిపోయిన పెట్టెలో నూనె నల్లబడి కమరువాసన కొట్టునని పుస్తకము చెప్పుచున్నది. ఒకటవ, రెండవ, మూడవ గేర్లును, రివర్సును జారక పడుచున్నవి. గేరుకఱ్ఱమీది ఓవర్‌డ్రైవు మీటను నొక్కగా దీపము వెలుగుచున్నది, మరల నొక్కగా ఆరుచున్నది. అనగా మీట చెడలేదు. అయినను సూర్యుని పట్టుకొను ఆ యొక్క బ్రేకు బాగున్నదో లేదో వీనివలన తేలదు. ఆ బ్రేకునకు నాలుగవ గేరులో తప్ప పని లేదు.

దీనికి మాన్యుయలులో ఒక చక్కని పరీక్ష కలదు. సొలెనాయిడులకు పోవు తీగల కనెక్టరును ఊడదీసి బండి నడుపవలెను. అపుడు కంప్యూటరు మాట గేరుబాక్సునకు వినబడదు. పెట్టె కఱ్ఱకు మాత్రమే లోబడును. ఈ జాతి పెట్టెలో కఱ్ఱ 'ఎల్' నందుంచిన ఒకటవ గేరును, '2' నందుంచిన మూడవ గేరును, 'డి' యందుంచిన ఓవర్‌డ్రైవును తమంతట తామే పడవలెను. బ్రేకు అరగియున్నచో ఓవర్‌డ్రైవు పడదు, పడినను జారును. ఒక ఆదివారము ఉదయము, మంచు తీసిన ఒక నిర్జనమైన దారిమీద చెల్లెలు అట్లే నడిపినది. కఱ్ఱ '2' నుండి 'డి'కి మార్చగానే వెనుకసీటునుండి మేనకోడలు కేకవేసినది.

"మామయ్యా! 3,000 నుంచి 2,200కి పడింది!"

ఓవర్‌డ్రైవు బ్రదికియేయున్నది. విద్యుత్తును తొలగింపగా దోషము తొలగినది. కనుక దోషము ఇనుములో లేదు, ఆజ్ఞలో నున్నది. కనెక్టరును మరల తగిలించి, ఊడదీసినందున కంప్యూటరులో నిలిచిన తప్పుగుర్తును చెరిపివేసితిమి. ఇక మిగిలిన ప్రశ్న యొక్కటే: కంప్యూటరు ఓవర్‌డ్రైవును ఎందుకు వలదనుచున్నది?

మాన్యుయలులో దానికిని సమాధానము కలదు. ఇంజను నీరు తగినంత వేడెక్కువఱకు ఓవర్‌డ్రైవు ఈయకూడదని ఆ కంప్యూటరునకు నియమము. చల్లని ఇంజనుచేత నెమ్మదిగా బరువు లాగించుట దానికి మేలు కాదు. కొంచెము వేగముగా తిరిగిన త్వరగా వేడెక్కును. ఇది చదువగానే, అంతవఱకు వేఱువేఱుగా పడియున్న సంగతులు కొన్ని ఒక్కచోటికి వచ్చినవి. బండిలో హీటరునుండి గోరువెచ్చని గాలియే వచ్చుచున్నదని చెల్లెలు నెలనాళ్లుగా చెప్పుచున్నది. వేడిని చూపు ముల్లు సగమునకు ఎక్కుట లేదు. జబ్బు మొదలైనది చలితోనే. నడుమ నొకనాడు మంచు కరగునంత వెచ్చబడగా ఓవర్‌డ్రైవు కొంతసేపు పడినదట.

అమెరికాలో అమ్ము కార్లకు, చిన్న ట్రక్కులకు 1996 నమూనాలనుండి కంప్యూటరు అంకెలను బయట చదువుటకు ఒకే రీతి సాకెటు ఉండవలెనని నియమము. దానికి తగిలించు చిన్న పరికరమును 25 డాలర్లకు కొంటిమి. ఊరిలో మెల్లగా తిరుగుచుండగా నీటి వేడి 70 డిగ్రీలవఱకు పోయినది. హైవేమీదికి పోగానే దిగజారి 50కి లోపల నిలిచినది. వేగము హెచ్చినకొలది ఇంజను చల్లబడుచున్నది! రేడియేటరునకు నీటిని పోనిచ్చు ద్వారము ఎల్లప్పుడును తెరచియున్నచో, ఎదురుగాలి తగిలి ఇట్లగుట సహజము. ఆ ద్వారమే థర్మోస్టాటు. అందొక మైనపు ముద్ద కలదు. నీరు వేడెక్కగా మైనము ఉబ్బి తలుపు త్రోయును, చల్లబడగా స్ప్రింగు తలుపు మూయును.

అయినను చెల్లెలు వెంటనే థర్మోస్టాటు కొనలేదు. ఆ చలిదేశమున లారీవారు చేయు ఒక యుపాయము నామె యెఱుగును. ఒక అట్టముక్కను కోసి, రేడియేటరు ముందు సగము మూయునట్లు కట్టి, ముల్లును కనిపెట్టుచు నడిపినది. నీటి వేడి 60 దాటినది, 70 దాటినది. హైవేమీద ఓవర్‌డ్రైవు పడినది. అట్ట తీసివేయగా కొంతసేపటికి పోయినది. మరల కట్టగా వచ్చినది. ఆ పరీక్షకైన ఖర్చు సున్న.

చదువరులలో తర్కము చదివినవారు దీనిని వెంటనే గుర్తింతురు. వేడి యున్నచోట ఓవర్‌డ్రైవు ఉండుట అన్వయము. వేడి లేనిచోట అది లేకుండుట వ్యతిరేకము. పతంజలి మహాభాష్యములో, శబ్దమునందు ప్రకృతి యెంతవఱకు, ప్రత్యయమెంతవఱకు అని తేల్చుటకు వాడినది ఈ సాధనమునే: ఏది పోగా ఏ యర్థము పోయినది, ఏది నిలువగా ఏ యర్థము నిలిచినది అని చూచుటయే. షెడ్డులోని మెకానిక్కు చెప్పిన హేతువును సవ్యభిచారమని నైయాయికు లనియుందురు. ఓవర్‌డ్రైవు పడకపోవుట క్లచ్చీలు అరగిన బండిలోను కలదు, అరగని బండిలోను కలదు. ఉభయత్రయు నున్న గుర్తు దేనిని సాధించును? ఈ పాఠమును మనము వేయేండ్లకు పైగా కొండమీది పొగతోను, నిప్పుతోను చెప్పుకొనుచున్నాము. ఆ కొండ దిగివచ్చి ఇంటిముందరి బండిని చూచుటకు ఆ శాస్త్రమున అడ్డేమియు లేదు.

మిగిలినది చిన్న పని. ఇంజను పూర్తిగా చల్లారిన పిదప కూలెంటును తొట్టిలోనికి దింపి, గొట్టపు మూతి బోల్టులను విప్పి, పాత థర్మోస్టాటును తీసి క్రొత్తది పెట్టినది. దాని అంచుననున్న గాలి పోవు చిన్న వాల్వు పైవైపునకు రావలెనని పుస్తకములో నున్నట్లు చూచుకొన్నది. కూలెంటు రుచికి తియ్యగానుండు విషము. పిల్లలకు, కుక్కలకు అందనీయరాదు. దానిని డబ్బాలో పోసి ఊరివారు సేకరించు చోట అప్పగించితిమి. పాతదానిని, క్రొత్తదానిని బిగింపకముందే పాడైన గిన్నెయొకదానిలో నీటితో పొయ్యిమీద నుంచి చూచితిమి. ఆ గిన్నెను పిమ్మట వంటకు వాడలేదు. అంతవఱకు దూరముగా నిలిచిన అమ్మ అపుడు దగ్గఱకు వచ్చి తొంగిచూచెను.

"ఇదేమిటే, చన్నీళ్లలోనే నోరు తెరుచుకుని ఉంది!"

నిజమే. క్రొత్తది 80 డిగ్రీలు దాటువఱకు మూసికొనియుండి, పిదప మెల్లగా తెరచుకొన్నది. ఆ రెంటిని ప్రక్కప్రక్కన చూచిన పిమ్మట అమ్మ మగవాని మాట మరల ఎత్తలేదు.

మొత్తము ఖర్చు, అంకెలు చదువు పరికరముతో గూడ, 66 డాలర్లు. మఱునాటినుండి నీటి వేడి 85 దగ్గఱ నిలకడగా నుండెను. హీటరు వేడిగాలి నిచ్చెను. ఓవర్‌డ్రైవు ప్రతిదినము పడెను. గమనింపదగినదేమనగా, గేరుబాక్సు ఒక్కనాడును చెడలేదు. చల్లని ఇంజనును కాపాడుటకై తనకు వచ్చిన ఆజ్ఞను అది తప్పక పాలించుచుండెను. దానిని దించి మరల కట్టించియున్నచో 3,400 డాలర్లు పోయిన పిదపగూడ ఓవర్‌డ్రైవు పడియుండదు.

ఆ మెకానిక్కు మోసగాడని నేననను. పాత బండ్లలో క్లచ్చీలు అరగుట నిజముగానే సాధారణము. ఒక్కొక్క బండిమీద అరపూట పరీక్ష చేసిన అతనికి గిట్టదు. అందువలననే అడుగు భారము ఇంటివారిమీద పడుచున్నది. యంత్రమును బాగుచేయు నేర్పు అందఱకు రాదు, రానవసరము లేదు. కాని మూడు ప్రశ్నలు ఎవరైనను అడుగవచ్చును. ఏమి చూచి ఇట్లనుకొంటిరి? ఆ గుర్తు వేఱొక కారణమువలనగూడ రావచ్చునా? ఈ రెండు కారణములను వేఱుచేయు చౌకైన పరీక్ష యేది? ఈ ప్రశ్నలను మన ఆడపిల్లల నోట రానీయక, "నీకెందుకు, మగవారు చూచుకొందురు" అని పెంచుచున్నాము. పిమ్మట వారు మోసపోయిరని జాలిపడుచున్నాము.

పాఠశాలలలోను ఇదియే జరుగుచున్నది. లెక్కలు రాని పిల్లవానిని మొద్దు అని తేల్చుటకు ఒక్క నిమిషము చాలును. నల్లబల్లమీది అంకెలు వానికి కనబడుచున్నవో లేవో చూచుటకు, ముందుబల్లలో కూర్చుండబెట్టి ఒక దినము కనిపెట్టవలెను. ఉదయము ఏమి తినివచ్చెనో అడుగవలెను. నోటిలెక్క చేయగలిగి, బల్లమీది లెక్క చేయలేనివాడు మొద్దు కాడు. వానికి కావలసినది కండ్లజోడు. ఈ పరీక్షలకు సొమ్ము అక్కఱలేదు. నా తరగతిలో ఇపుడు ప్రతి జూనునెలలోను మొదటి వారము పాఠము మొదలుపెట్టక పిల్లలను బల్లలు మార్చి కూర్చుండబెట్టి చూచుచున్నాను. క్రిందటి యేడు అట్లు చూడగా ఇద్దఱికి కండ్లజోళ్లు అవసరమని తేలినది.